రెండుంబావుకు వచ్చే మెయిలు

మా లైబ్రరీకి మనుషులు రావడం మానేసిన ఏడాది గురించి చెబుతాను. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి వస్తున్న మీకు అది వింతగా అనిపించకపోవచ్చు. మీరు చేరేసరికే చదివేవాళ్లందరూ తెరల వెనక్కి వెళ్లిపోయారు. నేను మాత్రం ముప్పై ఏళ్లు మనుషుల మొహాలు చూస్తూ పనిచేసినదాన్ని. పుస్తకం తీసుకునేటప్పుడు ఎవరి చెయ్యి వణుకుతుందో, ఎవరు గడువు దాటించి సిగ్గుపడుతున్నారో చూసి చెప్పగలిగేదాన్ని.

మాది బాపట్ల వైపున్న ఒక విశ్వవిద్యాలయం. పేరు చెప్పను. ఇందులో ఎవరి పేరూ చెప్పను. నేను తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. రిటైరవడానికి రెండేళ్ల ముందు మాకు కొత్త ఎలక్ట్రానిక్ డేటాబేసులు వచ్చాయి. అంతకు ముందు ఉన్నవి లైబ్రరీ కంప్యూటర్లలోనే తెరుచుకునేవి. ఈసారి ప్రతి పరిశోధక విద్యార్థికీ ఒక లాగిన్ ఇచ్చాం. ఇంట్లో కూర్చున్నా, బస్సులో కూర్చున్నా ప్రపంచంలోని పరిశోధన పత్రికలు చదువుకోవచ్చు. ఆ పని మొత్తం నా బల్ల మీదికొచ్చింది.

మూడు నెలలు తిరిగేసరికి రీడింగ్ హాలు ఖాళీ అయింది. పొడవాటి బల్లలు, వరసగా కుర్చీలు, వాటి మీద ఊరికే తిరుగుతున్న ఫ్యాన్లు. నా కంప్యూటర్లో మాత్రం ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో, ఏ మాటలు కొట్టి వెతికారో ఒక జాబితా కనిపించేది. ఇంకొకరు ఏం వెతుక్కుంటున్నారో చూడటం తప్పా ఒప్పా అని అప్పట్లో మేమెవరం ఆలోచించలేదు. హాల్లో నేనూ, రిఫరెన్సు విభాగంలో పనిచేసే పెద్దాయనా తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. తెర మీదేమో తిరునాళ్లలా జనం. ఒక్క అడుగు చప్పుడు లేదు. కొన్నిసార్లు తల ఎత్తి, ఆ ఖాళీ కుర్చీల్లో ఎవరైనా ఉన్నారేమోనని చూసేదాన్ని.

డేటాబేసులు వచ్చిన కొత్తలో పరిశోధక విద్యార్థులకు ఒక శిక్షణ పెట్టాం. మొదటి వరసలో భూగర్భశాస్త్రం అమ్మాయి ఒకతె కూర్చుంది. బక్కపలుచగా, తలకు చున్నీ చుట్టుకుని ఉంది. సముద్రతీరపు ఊళ్లలో బావుల్లోకి ఉప్పునీరు ఎలా చేరుతోందన్నది ఆమె పరిశోధన. చూపించడానికి ఎవరిదైనా ఒక లాగిన్ కావాలంటే, తనదే ఇచ్చింది. ఆమె విషయానికి సంబంధించిన మాటలు కొట్టి, వాటిమీద కొత్త వ్యాసం ఎప్పుడు వచ్చినా ఆమెకు కబురు అందేలా అలర్టు పెట్టాను. "ఇకనుంచి నువ్వు వ్యాసాలు వెతుక్కోనక్కర్లేదమ్మా. అవే నిన్ను వెతుక్కుంటూ వస్తాయి" అన్నాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

తర్వాత నాకు కన్ను ఆపరేషను జరిగింది. నెలన్నర సెలవు. తిరిగొచ్చేసరికి బల్ల మీద కాగితాలు గుట్టలుగా పేరుకున్నాయి. అర్జంటు అని రాసి ఉన్నవాటిని చూశాను. మిగతావి తర్వాత చూద్దామని ఒక ట్రేలో పెట్టాను. నా తప్పు అక్కడుంది. అదేమిటో చెబుతాను.

మరికొన్ని నెలలకు ఇంకో సౌకర్యం మొదలుపెట్టాం. డేటాబేసులో పూర్తి వ్యాసం దొరక్కపోతే నాకు మెయిల్ పెట్టాలి, నేను వేరే లైబ్రరీల నుంచి తెప్పించి పంపుతాను. పరిశోధకులందరికీ ఒకేసారి ఆ సంగతి రాశాం. మర్నాడే మొదటి మెయిలు వచ్చింది. రాసింది ఆ భూగర్భశాస్త్రం అమ్మాయి. పద్ధతిగా, పాతకాలపు ఆఫీసు ఇంగ్లీషులో ఉంది. గౌరవనీయులైన మేడమ్ గారికి, ఈ కింది వ్యాసం పంపవలసిందిగా కోరుచున్నాను, కృతజ్ఞతలతో, అని అర్థం వచ్చేలా. ఒక్క అక్షరం తప్పు లేదు. అది వచ్చేసరికి మధ్యాహ్నం రెండుంబావు అయింది.

అప్పటినుంచి రోజు విడిచి రోజు మెయిలు వచ్చేది. ఎప్పుడొచ్చినా రెండుంబావుకే, అయిదు నిమిషాలు అటూ ఇటూ. నాకు ముచ్చటేసింది. మిగతావాళ్లు మర్యాద కూడా లేకుండా ఒక్క లింకు పడేసి ఊరుకునేవాళ్లు. ఒకరోజు వ్యాసం పంపుతూ, "చాలా శ్రద్ధగా చేస్తున్నారు. థీసిస్ ఎప్పుడు సమర్పిస్తున్నారు?" అని రాశాను. జవాబు పది నిమిషాల్లో వచ్చింది. "త్వరలోనే మేడమ్. ఇంకా కొంచెం మిగిలి ఉంది."

ఇలా నెలన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం రిఫరెన్సు పెద్దాయనా నేనూ క్యారేజీలు విప్పుకుని కూర్చున్నాం. కొత్తగా చేరిన పరిశోధకులకు ఒక సభ పెట్టాలని అనుకుంటున్నాం. డేటాబేసులు ఎలా వాడుకోవాలో చెప్పడానికి ఆ అమ్మాయిని పిలుద్దామన్నాను.

"ఏ అమ్మాయండీ?"

"అదేనండి, ఉప్పునీటి బావుల మీద చేస్తోందే. చున్నీ కట్టుకుని వచ్చేది."

ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపేశారు.

"ఆ అమ్మాయి పోయింది కదండి మేడమ్."

"ఎక్కడికి?"

"పోయిందండి. చనిపోయింది. రక్తంలో జబ్బన్నారు. మీరు కన్ను ఆపరేషనుకి సెలవు పెట్టినప్పుడండి. ఏడు నెలలు దాటింది. ఇదిగో, ఈ హాల్లోనే ఫొటో పెట్టి దండేశాం."

నేను నవ్వబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను. "పొద్దున్నే ఆవిడకి వ్యాసం పంపానండీ" అన్నాను. ఆయన క్యారేజీ మూత పెట్టేశారు.

ఇద్దరం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాం. రెండు గంటలైంది. బయట ఎండ మండిపోతోంది. రెండూ పదకొండుకి జాబితాలో ఆ అమ్మాయి లాగిన్ వెలిగింది. ఒక్కో మాటే తెర మీదికి వచ్చింది. ఉప్పునీరు. చొరబాటు. తీరపు భూగర్భజలాలు. రెండుంబావుకు మెయిలు వచ్చింది.

పెద్దాయన మెల్లగా రెండడుగులు వెనక్కి వేశారు. "అమ్మో, దీన్ని ఆపెయ్యండి మేడమ్" అన్నారు.

వచ్చిన మెయిలు తెరిచాను. అడిగిన వ్యాసం కిందటి నెలలో అచ్చయింది. ఆ తేదీని మళ్లీ మళ్లీ చూశాను. ఏడు నెలల కిందట పోయిన మనిషికి, కిందటి నెలలో వచ్చిన వ్యాసం సంగతి ఎలా తెలుస్తుంది? ఆ సాయంత్రం నా ట్రే అంతా బోర్లించి వెతికాను. అట్టడుగున భూగర్భశాస్త్ర విభాగం పంపిన కాగితం దొరికింది. ఫలానా విద్యార్థిని మరణించినందున ఆమె సభ్యత్వం రద్దు చేయగలరు. అది నేను చెయ్యవలసిన పని, చెయ్యలేదు. "ఇంకా కొంచెం మిగిలి ఉంది" అన్న ఆ జవాబు రాత్రంతా బుర్రలో తిరిగింది.

తెల్లారేసరికి నా భయం కోపంగా మారింది. భయపడే మనిషికి ఎవరో ఒక దోషి దొరికితే ప్రాణానికి హాయిగా ఉంటుంది. దయ్యాలు మెయిళ్లు రాయవు కాబట్టి, ఇది ఎవరో చేస్తున్న పనే. ఆ అమ్మాయి పాస్‌వర్డ్ ఎవరికి తెలుస్తుంది? గైడుకి. చాలామంది విద్యార్థులు గైడు అడిగితే ఇచ్చేసేవాళ్లు. చచ్చిపోయిన పిల్ల లాగిన్‌తో సమాచారం పోగేసి, ఆమె పరిశోధన తన పేరున వేసుకోబోతున్నాడని నేనే తేల్చేశాను. ఆయన ఎవరితోనూ కలవని మనిషి. నవ్వడు. అది కూడా నాకు రుజువులాగే కనిపించింది. రిజిస్ట్రారుకి నోటు రాశాను.

రెండు రోజుల తర్వాత రిజిస్ట్రారు గదికి ఇద్దరినీ పిలిచారు. నా నోటు చదివి వినిపించారు. గైడు మొత్తం విన్నాడు. అప్పటికే ఆ మాట క్యాంపస్ అంతా పాకిపోయిందని ఆయన మొహం చూస్తే తెలిసింది.

"ఆ అమ్మాయి పోయిన రోజు నుంచి నేను ఆ ఫైలు తెరవలేదండి" అన్నాడు. "తెరవడానికి నాకు చెయ్యి రాలేదు. మీకు కావాలంటే నా గది తాళాలు ఇస్తాను, వెతుక్కోండి."

తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. గదిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. రిజిస్ట్రారు నా వైపు చూసి, ఆ లాగిన్ సోమవారం లోగా మూసేయమని ఉత్తర్వు వేశారు.

బయటికొచ్చాక గైడు నాకోసం ఆగాడు. తిడతాడనుకున్నాను. జేబులోంచి కాగితం తీసి ఏదో రాసిచ్చాడు. రేపల్లెలో ఒక చిరునామా.

"వాళ్లమ్మ ఉంటారక్కడ. ఒక్కరే. నేను మాత్రం ఆ గుమ్మం ఎక్కలేనండి. జబ్బుతో ఉన్న ఆ పిల్ల ఇంకో ఆరు నెలలు టైమడిగితే ఇవ్వలేదు. తొందరపెట్టింది నేనే."

ఆ వారం రెండో శనివారం సెలవు. తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే నేనెందుకు వెళుతున్నానో నాకే సరిగ్గా తెలియలేదు. లాగిన్ మూసేయడానికి రేపల్లె వెళ్లనక్కర్లేదు. ఒక్క మీట నొక్కితే చాలు.

చర్చి వెనక సందులో చిన్న పెంకుటిల్లు. తలుపు తీసినామె అరవై దాటిన మనిషి. నీలం అంచు నేత చీర, మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు. నన్ను చూసి అస్సలు తడుముకోలేదు.

"రామ్మా. లైబ్రరీ మేడమ్ గారు కదూ?"

"నేను మీకెలా తెలుసండీ?"

"మెయిల్లో మీ పేరు పక్కన చిన్న ఫొటో ఉంటుందిగా."

అంత సులువుగా చెప్పేసింది. నేను కొంగుతో మొహం తుడుచుకుని కూర్చున్నాను. మంచినీళ్లిచ్చింది. వద్దంటున్నా వినకుండా అన్నం పెట్టింది. నేను వచ్చిన పని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు తినండమ్మా. రెండవ్వడానికి ఇంకా టైముంది."

వయసులో ఉండగా ఆమె తెనాలిలో టైపు నేర్చుకుందట. లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసయ్యింది. భర్త తొందరగా పోతే, రేపల్లెలో ఒక వకీలు దగ్గర టైపిస్టుగా చేరి కూతుర్ని చదివించింది. జబ్బు ముదిరాక కూతురు కూర్చోలేకపోయేది. మధ్యాహ్నం మందు వేసుకున్నాక రెండింటి నుంచి గంటన్నరపాటు మాట కాస్త స్పష్టంగా వచ్చేది. ఆ గంటన్నరా కూతురు పడుకుని చెబుతుంటే తల్లి కొట్టేది. వెతకాల్సిన మాటలు, ఉత్తరాలు, థీసిస్ అధ్యాయాలు, అన్నీ.

"నాకు వాటి అర్థం తెలీదమ్మా. వకీలు గారి దావాలూ అలాగే కొట్టేదాన్ని."

రెండు గంటలకు లేచి లోపలి గదిలోకి వెళ్లింది. నన్ను రమ్మని సైగ చేసింది. కిటికీ పక్కన మంచం. ఉతికిన దుప్పటి మడత పడకుండా పరిచి ఉంది. తలగడ ఉంది. మంచానికి ఎదురుగా చిన్న బల్ల, దాని మీద ల్యాప్‌టాప్. గోడ వెంబడి జిరాక్సు కాగితాలు కట్టలు కట్టలుగా, ప్రతి కట్టకీ ఒక చీటీ. నేను పంపిన వ్యాసాలన్నీ వరసగా అక్కడ ఉన్నాయి.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. చేతులు మీటల మీద ఆనించి, తల కొద్దిగా మంచం వైపు వంచింది. కాసేపు ఏమీ జరగలేదు. వీధిలో ఒక ఆటో వెళ్లిపోయింది. అప్పుడు ఆమె "ఆఁ" అంది, ఎవరో అడిగినదానికి పలికినట్టు. వేళ్లు కదిలాయి. తెర వైపు చూడటం లేదు. నాలుగు మాటలు కొట్టి ఆగింది. మళ్లీ తల వంచింది. తల ఊపింది. మళ్లీ కొట్టింది.

నేను మంచం వైపు చూడకుండా ఉండటానికి ఎంత ప్రయత్నించానో చెప్పలేను. చూశాను కూడా. ఉతికిన దుప్పటి, తలగడ, అంతే. కానీ ఆ గదిలో ముగ్గురం ఉన్నామన్న భావన నన్ను వదల్లేదు. నిలబడినదాన్ని కూర్చుందామంటే ఆ మంచం తప్ప ఏమీ లేదు. గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను.

పని అయ్యాక ఆమె ల్యాప్‌టాప్ మూసింది. అప్పుడు అడిగాను. "మీకు అమ్మాయి గొంతు వినిపిస్తుందా అమ్మా?"

"నాకు పిచ్చి లేదమ్మా. పోయిందని నాకు తెలుసు. మట్టి నా చేతుల్తో వేశాను." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఒకరు చెబుతుంటే కొట్టడం నా పని. నలభై ఏళ్లు అదే చేశాను. వినపడిందా లేదా అని చూసుకోను. చేతులకి తెలుస్తుంది."

"మరి కిందటి నెలలో వచ్చిన వ్యాసం సంగతి?"

ఆమె మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచి ఒక మెయిలు చూపించింది. ప్రియమైన, అని ఆ అమ్మాయి పేరుతో మొదలైంది. మీ కోసం మూడు కొత్త వ్యాసాలు వచ్చాయి.

"అది పోయాక పన్నెండో రోజున కూడా ఇలాంటిది వచ్చింది. చూసి ప్రాణం ఝల్లుమంది. తర్వాత వారం వారం వస్తూనే ఉంది. యూనివర్సిటీవాళ్లు దాని పని ఇంకా కావాలనుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. అడుగుతుంటే ఇవ్వకుండా ఎలా?"

నేను తలెత్తలేకపోయాను. అది యంత్రం పంపుతుందనీ, ఆ రోజు శిక్షణలో దాన్ని పెట్టింది నేనేననీ, అమ్మాయి పోయిన సంగతి దానికి తెలియదనీ చెప్పాను. లాగిన్ తీసెయ్యమన్న కాగితం నా ట్రేలో పడి ఉందని కూడా చెప్పాను.

ఆమెకు కోపం రాలేదు. "యంత్రమైతే ఏంటమ్మా. పేరు పెట్టి పిలిచింది. మా వీధిలో ఎవరూ ఆ పేరు అనడం లేదు, నేను ఏడుస్తానని."

"సోమవారం మూసెయ్యాలండీ. ఉత్తర్వొచ్చింది."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. "మూసేస్తే మరి రెండింటికి నేనేం చెయ్యను?"

ఇన్నేళ్ల సర్వీసులో నన్ను ఎన్నో అడిగారు. తెలియకపోతే ఎక్కడ వెతకాలో చెప్పేదాన్ని. దీనికి అది కూడా చెప్పలేకపోయాను.

సోమవారం పొద్దున్నే గైడు గదికి వెళ్లి క్షమించమన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆయన క్షమాపణ పట్టించుకోలేదు. "అధ్యాయాలు నిజంగా ఉన్నాయా?" అన్నాడు. ఆ ల్యాప్‌టాప్‌లో మూడు పూర్తిగా, నాలుగోది సగం దాకా చూశానని చెప్పాను. ఆ ఆదివారం రేపల్లె వెళ్లాడు. తర్వాతి ఆదివారం కూడా వెళ్లాడు. మధ్యాహ్నాలు ఆ మంచానికి ఇవతల స్టూలు వేసుకుని కూర్చునేవాడట. అమ్మాయి బావుల దగ్గర రాసుకున్న నోటు పుస్తకాలు తీసి అంకెలు చదివేవాడు. తల్లి కొట్టేది. ఆయన తప్పు చదివిన చోట ఆమె చేతులు ఆగిపోయేవట. తిరగేసి చూస్తే నిజంగానే తప్పు చదివి ఉండేవాడట. ఆ మాట ఆయన నాతో ఒక్కసారే చెప్పాడు. నేను మళ్లీ అడగలేదు.

లాగిన్ మూయలేదు. సాంకేతిక కారణాల వల్ల జాప్యమవుతోందని ఫైల్లో రాశాను. ఉద్యోగంలో అబద్ధాలు రాయవద్దని మీకు చెప్పవలసిన దాన్ని. కానీ అది రాసినందుకు ఇప్పటికీ బాధ లేదు. అలర్టు ఒక్కటి మాత్రం ఆపేశాను. అందుకు ఆమె ఒప్పుకుంది. ఇంక ఎవరో పిలవాల్సిన పని లేదంది.

రెండు నెలలకు ఆ పరిశోధన ఒక రూపానికొచ్చింది. గైడు తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు. ఆ అమ్మాయి పేరొక్కటే వేసి మా లైబ్రరీ డిజిటల్ నిధిలో చేర్చమని ఇచ్చాడు. చేర్చింది నేనే. రేపల్లె చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ బావి ఎప్పుడు ఉప్పగా మారిందో చూడాలంటే ఈరోజుకీ దాన్నే తెరుస్తారు.

అది చేర్చిన మర్నాడు మధ్యాహ్నం జాబితా ముందు కూర్చున్నాను. రెండూ పదికి ఆ లాగిన్ వెలిగింది. చాలాసేపు ఏమీ రాలేదు. రెండుంబావుకు మూడు మాటలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

అమ్మా ఇక చాలు.

దాని కింద డేటాబేసు ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. ఫలితాలు లేవు, స్పెల్లింగు సరిచూసుకుని మళ్లీ ప్రయత్నించండి.

ఫోను తీసి రేపల్లెకు చేశాను. ఆమె మొదటి రింగుకే ఎత్తింది.

"చూశారా అమ్మా?" అంది.

"చూశాను. మీరే కొట్టారా?"

"నేనే కొట్టాను. కొట్టాక చూసుకున్నాను ఏం కొట్టానో."

"కావాలని రాశారేమో అనుకున్నానండీ."

"లేదమ్మా. చెప్పింది కొట్టాను, రోజూలాగే." ఆమె ఏడవడం లేదు. "ఇంక మూసెయ్యండి."

మూశాను. జాబితాలో ఆ వరస చెరిగిపోయింది. ఖాళీ హాల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. రద్దు చేసినప్పుడు రిజిస్టరులో కారణం రాయాలి. మరణం అని రాయబోయి, కలం ఆపి, చివరికి ఇలా రాశాను: సభ్యురాలి కోరిక మేరకు.